ఎలెన్ స్వాలో రిచర్డ్స్

ఎలెన్ హెన్రియెట్టా స్వాలో రిచర్డ్స్ (డిసెంబరు 3, 1842 - మార్చి 30, 1911) అమెరికాకు చెందిన రసాయన శాస్త్రవేత్త, అధ్యాపకురాలు. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎం.ఐ.టి.)లో ప్రవేశం పొందిన మొట్టమొదటి మహిళ, అక్కడ పట్టా పొందిన మొదటి మహిళ, అక్కడ బోధించిన మొదటి మహిళ కూడా ఈమెయే. నదులు, సరస్సులు, చెరువులు, వాగుల నీటిని రసాయనికంగా పరీక్షించి, ఆ నీటిలో సహజంగా ఉన్నదేది, మనుషుల వలన చేరినదేది అని విడదీసి చూపే పద్ధతిని ఒక రాష్ట్రం మొత్తానికి అమలు చేసిన బృందంలో ఈమెది ప్రధాన పాత్ర. గృహవిజ్ఞాన శాస్త్రానికి పునాది వేసినవారిలో ఒకరిగా కూడా ప్రసిద్ధి చెందింది.

బాల్యం, విద్యాభ్యాసం

ఎలెన్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని డన్‌స్టేబుల్ అనే గ్రామంలో జన్మించింది. తండ్రి పీటర్ స్వాలో, తల్లి ఫ్యానీ గౌల్డ్ టేలర్. ఇద్దరూ ఉపాధ్యాయ వృత్తిలో పనిచేసినవారే. వారికి ఈమె ఏకైక సంతానం. చిన్నతనంలో ఈమెకు చదువు ఇంటివద్దనే సాగింది. 1859లో కుటుంబం వెస్ట్‌ఫర్డ్‌కు తరలివెళ్ళగా, అక్కడి అకాడమీలో చేరి లాటిన్, ఫ్రెంచి, గణితం అభ్యసించింది. తండ్రి నడిపే దుకాణంలో పనిచేస్తూ, పిల్లలకు పాఠాలు చెబుతూ, పై చదువుల కోసం కొంత సొమ్ము కూడబెట్టుకొన్నది.

ఆ రోజుల్లో అమెరికాలో స్త్రీలకు ఉన్నత విద్య అందించే కళాశాలలు బహు తక్కువ. న్యూయార్క్ రాష్ట్రంలో 1865లో తరగతులు ప్రారంభించిన వాసర్ మహిళా కళాశాలలో ఈమె 1868లో చేరింది. అప్పటికి ఈమె వయసు 25 సంవత్సరాలు. అక్కడ ఖగోళ శాస్త్రవేత్త మరియా మిచెల్, రసాయన శాస్త్ర ఆచార్యుడు చార్లెస్ ఫరార్ ఈమెపై ప్రభావం చూపారు. శాస్త్ర విజ్ఞానాన్ని నిత్యజీవిత సమస్యల పరిష్కారానికి వినియోగించాలనే ఫరార్ దృక్పథం ఈమె జీవితానికి దారి చూపింది. 1870లో పట్టభద్రురాలయింది.

ఎం.ఐ.టి.లో ప్రవేశం

పట్టా పొందిన తరువాత రసాయనిక పరిశ్రమలలో పని నేర్చుకోవాలని ప్రయత్నించినా అవకాశం దొరకలేదు. చివరకు బోస్టన్‌లోని ఎం.ఐ.టి.కి దరఖాస్తు చేసుకొన్నది. ఆ సంస్థలో అప్పటివరకు స్త్రీలెవరూ చేరలేదు. 1870 డిసెంబరులో యాజమాన్యం ఈమెను ప్రత్యేక విద్యార్థినిగా చేర్చుకొనేందుకు అంగీకరించింది. ఈమె వద్ద రుసుము వసూలు చేయలేదు. తన ఆర్థిక పరిస్థితిని గమనించి మినహాయింపు ఇచ్చారని ఈమె భావించింది. ఎవరైనా అభ్యంతరం చెబితే ఈమె తమ విద్యార్థిని కాదని చెప్పుకొనే వెసులుబాటు కోసమే అలా చేశారని తరువాత తెలిసింది.

1871లో తండ్రి రైలు ప్రమాదంలో గాయపడి మరణించాడు. తల్లి బాధ్యత ఈమెపై పడినా చదువు ఆపలేదు. 1873లో ఎం.ఐ.టి. నుండి బి.ఎస్. పట్టా పొందింది. ఇనుప ఖనిజంలో వెనేడియం పరిమాణాన్ని నిర్ణయించే విషయంపై సమర్పించిన వ్యాసానికి అదే సంవత్సరం వాసర్ కళాశాల ఈమెకు ఎం.ఏ. పట్టా ఇచ్చింది.

నీటి పరీక్షలకు శ్రీకారం

మసాచుసెట్స్ రాష్ట్ర ఆరోగ్య మండలి 1869లో ఏర్పడింది. నదులలో మురుగునీటి సమస్యను పరిశీలించే పనిని ఆ మండలి ఎం.ఐ.టి. ఆచార్యుడు విలియం రిప్లీ నికోల్స్‌కు అప్పగించింది. 1872లో నికోల్స్ ఎలెన్‌ను సహాయకురాలిగా తీసుకొన్నాడు. విశ్లేషణలో అధిక భాగం ఈమె చేతి మీదుగానే జరిగింది. నికోల్స్ తన నివేదికలో ఆ సంగతి పేర్కొన్నాడు. అప్పటికి ఈమె ఇంకా విద్యార్థిని మాత్రమే. ఈ పనితో నీటి విశ్లేషణలో ఈమెకు గట్టి పట్టు దొరికింది.

వివాహం, మహిళా ప్రయోగశాల

1875 జూన్ 4న ఈమె ఎం.ఐ.టి.లో గనుల ఇంజనీరింగు ఆచార్యుడైన రాబర్ట్ హాలోవెల్ రిచర్డ్స్‌ను వివాహమాడింది. పెళ్ళి తరువాతి ప్రయాణం నోవా స్కోషియాకు, అదీ భర్త శిష్యబృందంతో కలిసి గనులు చూసేందుకు సాగింది. దంపతులు బోస్టన్ సమీపంలోని జమైకా ప్లెయిన్‌లో స్థిరపడ్డారు. ఆ ఇల్లే ఈమెకు మరొక ప్రయోగశాల అయింది. గాలి ప్రసరణ, వంట ఇంధనం, మురుగు పారుదల, తాగునీరు, ఇలా ప్రతిదానినీ పరీక్షించి మెరుగుపరచింది. ఖనిజ విశ్లేషణలో చేసిన కృషికి గాను 1879లో అమెరికన్ గనుల ఇంజనీర్ల సంస్థలో సభ్యత్వం పొందిన మొదటి మహిళ అయింది.

స్త్రీలకు రసాయన శాస్త్రం నేర్పడానికి ప్రత్యేక ప్రయోగశాల కావాలని ఈమె పట్టుబట్టింది. బోస్టన్ మహిళా విద్యాసంఘం ఆర్థిక సహాయంతో 1876 నవంబరులో ఎం.ఐ.టి.లో మహిళా ప్రయోగశాల ప్రారంభమయింది. ఆచార్య జాన్ ఆర్డ్‌వే దానికి అధిపతి కాగా, ఈమె వేతనం లేకుండా బోధించింది. విద్యార్థినులలో చాలామంది పాఠశాల ఉపాధ్యాయినులు. స్త్రీలను సాధారణ విద్యార్థులుగానే చేర్చుకోవడం మొదలయిన తరువాత, 1883లో ఆ ప్రయోగశాలను మూసివేశారు. ఈమె కోరుకొన్నది నెరవేరింది గాని, ఈమెకు సంస్థలో స్థానం లేకుండా పోయింది. 1884లో నికోల్స్ ఆధ్వర్యంలో ఆరోగ్య రసాయన ప్రయోగశాల ఏర్పడినప్పుడు ఈమెను బోధకురాలిగా నియమించారు. మరణించేవరకు, అంటే 27 సంవత్సరాలపాటు, ఈమె హోదా అదే. ఆచార్య పదవి ఎన్నడూ లభించలేదు.

నాటి నదుల పరిస్థితి

పందొమ్మిదవ శతాబ్దపు రెండవ భాగంలో మసాచుసెట్స్ నదుల ఒడ్డున నేత మిల్లులు, వాటిచుట్టూ పట్టణాలు వేగంగా పెరిగాయి. ఒకే నది ఒక పట్టణానికి మురుగు కాలువగాను, దాని దిగువ పట్టణానికి మంచినీటి ఆధారంగాను ఉండేది. మెరిమాక్ నదిపై లోవెల్ పట్టణం, దానికి సుమారు 9 మైళ్ళ దిగువన లారెన్స్ పట్టణం ఉన్నాయి. రెండూ ఆ నదీ జలాన్నే తాగేవి. పారే నీరు కొంత దూరం పోగానే తనంతట తానే శుభ్రపడుతుందనే నమ్మకం అప్పట్లో బలంగా ఉండేది.

1886లో రాష్ట్ర శాసనసభ లోతట్టు జలాల పరిశుభ్రతను కాపాడేందుకు ఒక చట్టం చేసింది. దాని ప్రకారం పునర్వ్యవస్థీకరించబడిన ఆరోగ్య మండలి, రాష్ట్రంలోని నీటి సరఫరాలన్నిటినీ క్రమపద్ధతిలో పరీక్షించాలని నిర్ణయించింది. ఆ ఏడాదే నికోల్స్ మరణించగా, ఆయన స్థానంలో వచ్చిన థామస్ డ్రౌన్ ఈ సర్వేక్షణకు బాధ్యత వహించాడు. ప్రయోగశాల నిర్వహణ భారం రిచర్డ్స్ మీద పడింది.

1887 నాటి సర్వేక్షణ

1887లో మొదలయిన ఈ సర్వేక్షణలో రాష్ట్రమంతటి నుండి నీటి నమూనాలు గాజు సీసాలలో ఎం.ఐ.టి. ప్రయోగశాలకు నెలనెలా చేరేవి. మొత్తం సుమారు 40,000 నమూనాలను పరీక్షించారని చెబుతారు. నీరు సీసాలో నిలవ ఉన్నకొద్దీ అందులోని సూక్ష్మజీవుల చర్య వలన అమ్మోనియా, నైట్రేటు పరిమాణాలు మారిపోతాయి. కాబట్టి వచ్చిన సీసాను వచ్చినట్లే పరీక్షించవలసి ఉండేది. ఒకరు చేసిన పరీక్ష మరొకరు చేసిన దానితో, ఈ నెలది గత నెలతో సరిపోల్చడానికి వీలుగా ఉండాలి. రిచర్డ్స్ సహాయకులకు శిక్షణ ఇచ్చి, పద్ధతులను ఒకే తీరుగా నిలిపి, ఫలితాలను సరిచూసేది. 1897 వరకు రాష్ట్ర ఆరోగ్య మండలికి నీటి విశ్లేషకురాలిగా పనిచేసింది.

క్లోరైడు పరీక్ష

ఈ సర్వేక్షణలో అన్నిటికంటె పేరు పొందినది క్లోరైడు పరీక్ష. ఆనాటి నివేదికలలో దీనిని క్లోరిన్ అనే వ్యవహరించారు. సామాన్యమైన ఉప్పులో ఉండేది ఈ క్లోరైడే. మనిషి తిన్న ఉప్పు మూత్రం ద్వారా మురుగునీటిలోకి, అక్కడినుండి వాగులు, నదులలోకి చేరుతుంది.

నీటిలో కలిసిన మాలిన్యాలలో అనేకం దారిలో మార్పు చెందుతాయి. సేంద్రియ పదార్థాలను సూక్ష్మజీవులు కుళ్ళింపజేస్తాయి. అమ్మోనియా నైట్రేటుగా మారుతుంది. నైట్రేటును నీటి మొక్కలు, నాచు పీల్చుకొంటాయి. కొన్ని పదార్థాలు అడుగుకు చేరి మట్టిలో కలిసిపోతాయి. క్లోరైడు మాత్రం దాదాపుగా మార్పు చెందదు. అది కుళ్ళదు, ఆవిరి కాదు, మట్టికి అంతగా అంటుకోదు, జీవులు దానిని పెద్దగా వాడుకోవు. మంచినీరు కలిసినప్పుడు పలచబడుతుంది తప్ప పోదు. అందువలన మిగిలిన ఆనవాళ్ళన్నీ చెరిగిపోయిన తరువాత కూడా, ఆ నీటిలో ఒకప్పుడు మురుగు కలిసిందని చెప్పగల సాక్ష్యంగా క్లోరైడు నిలుస్తుంది. మురుగులో ఉండే ఆ కొద్దిపాటి క్లోరైడు వలన ఆరోగ్యానికి హాని లేదు. అయితే, దానితోపాటు ఇంకేవి వచ్చి ఉండవచ్చునో అది తెలుపుతుంది.

పరీక్ష చేసే విధానం సులభమైనదే. నీటికి కొద్దిగా పొటాషియం క్రోమేటు కలిపి, బ్యూరెట్టు నుండి తెలిసిన గాఢత గల సిల్వర్ నైట్రేటు ద్రావణాన్ని చుక్కచుక్కగా వదులుతారు. వెండి ముందుగా క్లోరైడుతో కలిసి తెల్లని అవక్షేపాన్ని ఏర్పరుస్తుంది. క్లోరైడంతా అయిపోయిన మరుక్షణం క్రోమేటుతో కలిసి ఎర్రటి రంగు చూపుతుంది. అప్పటివరకు ఖర్చయిన ద్రావణాన్ని బట్టి క్లోరైడు ఎంత ఉన్నదో లెక్కిస్తారు. నీటిలో క్లోరైడు మరీ తక్కువగా ఉన్నప్పుడు ముందుగా ఆ నీటిని కాచి, ఇగిర్చి, తరువాత పరీక్షిస్తారు.

సాధారణ క్లోరిన్ పటం

పరీక్ష సులభమే అయినా వచ్చిన అంకెకు అర్థం చెప్పడం కష్టం. మనుషులెవరూ నివసించని చోట కూడా నీటిలో కొంత క్లోరైడు ఉంటుంది. సముద్రపు అలల నుండి లేచిన తుంపరలు గాలిలో ఆరి సన్నని ఉప్పు రేణువులవుతాయి. అవి గాలితోపాటు నేలమీదికి వచ్చి వానతో కురుస్తాయి. తీరానికి దగ్గరగా ఈ ఉప్పు ఎక్కువగా, దూరం పోయినకొద్దీ తక్కువగా పడుతుంది. కనుక తీరంలోని ఒక శుభ్రమైన చెరువులో ఉన్నంత క్లోరైడే పశ్చిమాన కొండలలోని ఒక వాగులో కనిపిస్తే, మొదటిది సహజం, రెండవది మురుగుకు గుర్తు కావచ్చును. అంకె ఒక్కటే అయినా చోటును బట్టి దాని అర్థం వేరు.

ఈ చిక్కు విడదీయడానికి, జనావాసాల ప్రభావం సోకని చెరువులు, వాగుల ఫలితాలను వేరుచేసి, ఒక్కొక్క ప్రాంతానికి సహజమైన క్లోరైడు పరిమాణం ఎంతో నిర్ణయించారు. సమానమైన పరిమాణం గల చోట్లను గీతలతో కలుపగా, ఆ గీతలు దాదాపుగా సముద్ర తీరం వెంబడే వంపులు తిరిగి, పడమటికి పోయినకొద్దీ తగ్గుతున్న విలువలను చూపాయి. దీనికే సాధారణ క్లోరిన్ పటం అని పేరు. దీని రూపకల్పనలో డ్రౌన్‌కు కూడా భాగం ఉన్నది. అయితే పటం వెనుక ఉన్న వేలాది విశ్లేషణలు రిచర్డ్స్ నడిపిన ప్రయోగశాలలో జరిగినవి కావడం వలన ఇది ఈమె పేరుతోనే ఎక్కువగా ప్రసిద్ధమయింది.

పటాన్ని ఉపయోగించే తీరును ఒక ఉదాహరణతో గ్రహించవచ్చును. ఒక ప్రాంతపు సహజ పరిమాణం లీటరుకు 2 మిల్లీగ్రాములు అనుకొందాం. అక్కడి వాగులో 6 మిల్లీగ్రాములు ఉంటే, అదనంగా ఉన్న 4 మిల్లీగ్రాములకు కారణం ఎగువన వెదకాలి. ఇళ్ళు, పశువుల కొట్టాలు, మిల్లులు, ఏదో ఒకటి ఉండితీరుతుంది. అదే 6 మిల్లీగ్రాములు సహజ పరిమాణంగా ఉన్న తీరప్రాంతంలో ఆ అనుమానానికి తావు లేదు.

ఈ పద్ధతి మసాచుసెట్స్‌లో చక్కగా పనిచేయడానికి ఆ నేల స్వభావం కూడా కారణం. అక్కడి రాళ్ళలో ఉప్పు నిక్షేపాలు లేవు. భూగర్భంలో ఉప్పు పొరలున్న ప్రాంతాలలో నీటికి క్లోరైడు నేల నుండే వస్తుంది కాబట్టి, అక్కడ సముద్రం నుండి గల దూరాన్ని బట్టి పటం గీయడం కుదరదు.

నత్రజని రూపాలు

మురుగు కలిసిందా అన్న ప్రశ్నకు క్లోరైడు సమాధానం ఇస్తుంది. ఎప్పుడు కలిసింది, ఇప్పుడు ఏ దశలో ఉన్నది అన్న ప్రశ్నకు నత్రజని సమాధానం ఇస్తుంది. అందుకే ప్రతి నమూనాలోను నత్రజనిని నాలుగు రూపాలలో కొలిచేవారు. ఇంకా కుళ్ళని సేంద్రియ పదార్థంలోని నత్రజనిని ఆల్బుమినాయిడ్ అమ్మోనియా అనేవారు. అది కుళ్ళగా వచ్చేది స్వేచ్ఛా అమ్మోనియా. నీటిలో కరిగిన ఆమ్లజని సహాయంతో సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను మొదట నైట్రైటుగా, తరువాత నైట్రేటుగా మారుస్తాయి.

మొదటి రెండు రూపాలు ఎక్కువగా ఉంటే మురుగు కొత్తగా చేరిందని, నైట్రైటు కనిపిస్తే మార్పు ఇంకా జరుగుతున్నదని, క్లోరైడు ఎక్కువగా ఉండి నైట్రేటు మాత్రమే మిగిలితే పాత మురుగు చాలావరకు శుద్ధి అయిందని గ్రహించేవారు. లోతైన చెరువులలో, జలాశయాలలో వేసవిలో పైనీరు, అడుగునీరు కలవవు. అడుగున ఆమ్లజని తరిగిపోయి అమ్మోనియా పేరుకుపోతుంది. అక్కడ మురుగు లేకున్నా అమ్మోనియా కనిపించవచ్చును. కాబట్టి ఏ ఒక్క పరీక్షనూ విడిగా నమ్మకుండా, అన్నిటినీ కలిపి, నీరు తీసిన చోటు, కాలం గమనించి తీర్పు చెప్పడమే ఈ విశ్లేషణలోని కీలకం. రిచర్డ్స్ విద్యార్థులకు నేర్పినది కూడా ఇదే.

రసాయన పరీక్షల పరిమితి

నీటిలో వ్యాధికారక క్రిములు ఉన్నాయో లేదో రసాయన పరీక్ష నేరుగా చెప్పలేదు. 1890-91లో లోవెల్, లారెన్స్ పట్టణాలలో టైఫాయిడ్ ప్రబలింది. ఎం.ఐ.టి.లోనే పనిచేసే జీవశాస్త్రవేత్త విలియం సెడ్జ్‌విక్ ఇంటింటి విచారణ జరిపి, ఎగువన నదిలో చేరిన మురుగే కారణమని నిరూపించాడు. పారే నీరు తనంతట తానే శుభ్రపడుతుందనే నమ్మకం దీనితో దెబ్బతిన్నది. ఆరోగ్య మండలి లారెన్స్‌లో నెలకొల్పిన ప్రయోగ కేంద్రంలో ఇసుక వడపోతపై 1887 నుండి పరిశోధనలు జరుగుతున్నాయి. వాటి ఆధారంగా 1893లో లారెన్స్ పట్టణానికి ఇసుక వడపోత కేంద్రం నిర్మించగా టైఫాయిడ్ మరణాలు బాగా తగ్గాయి. అప్పటినుండి రసాయన శాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం రెండూ కలిసి నీటి పరీక్షకు ఆధారమయ్యాయి.

బోధన, రచనలు

1890 నుండి ఎం.ఐ.టి.లో ఆరోగ్య ఇంజనీరింగు విద్యార్థులకు రిచర్డ్స్ నీరు, గాలి, మురుగునీటి విశ్లేషణ బోధించింది. ఆ శిష్యులు అనేక పట్టణాల నీటి సరఫరా, మురుగు శుద్ధి కేంద్రాలలో బాధ్యతలు చేపట్టారు. ఆల్ఫియస్ వుడ్‌మన్‌తో కలిసి గాలి, నీరు, ఆహారం అనే మూడు విషయాలపై రచించిన పాఠ్యగ్రంథం 1900లో వెలువడింది. అంతకు ముందే వంట, శుభ్రత వెనుక ఉన్న రసాయన శాస్త్రాన్ని గృహిణులకు వివరించే పుస్తకం (1882), ఆహార పదార్థాలలో కల్తీలపై పుస్తకం (1885) ప్రచురించింది. ఇంటివద్దనే చదువుకొనే స్త్రీలకు ఉత్తరాల ద్వారా విజ్ఞాన శాస్త్రం బోధించిన సంఘంలోనూ పనిచేసింది.

గృహవిజ్ఞాన ఉద్యమం

శుభ్రమైన నీరు, గాలి, ఆహారం పట్టణ పాలకుల బాధ్యత మాత్రమే కాదని, ఇల్లు నడిపే వారికి కూడా వాటి శాస్త్రం తెలియాలని ఈమె విశ్వసించింది. 1890లో బోస్టన్‌లో పేదలకు చవకగా పోషకాహారం అందించేందుకు న్యూ ఇంగ్లండ్ కిచెన్ అనే భోజనశాలను మేరీ హిన్‌మన్ ఏబెల్‌తో కలిసి ప్రారంభించింది. వలస వచ్చిన కుటుంబాలు తమ వంటకాలను వదులుకోవడానికి ఇష్టపడకపోవడంతో ఆ ప్రయత్నం ఆశించినంతగా ఫలించలేదు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఇటువంటి వంటశాలనే ఏర్పాటు చేసి, వంటకాల పోషక విలువలను సందర్శకులకు తెలియజేసింది.

1899 నుండి లేక్ ప్లాసిడ్‌లో జరిగిన సమావేశాలకు ఈమె నాయకత్వం వహించింది. వాటి ఫలితంగా 1908 చివరలో అమెరికన్ గృహ ఆర్థిక శాస్త్ర సంఘం ఏర్పడింది. ఈమె దానికి మొదటి అధ్యక్షురాలు. తెలుగునాట గృహవిజ్ఞానం పేరుతో బోధించే పాఠ్యాంశానికి మూలాలు కొంతవరకు ఈ ఉద్యమంలోనే ఉన్నాయి.

చివరి రోజులు

1910లో స్మిత్ కళాశాల ఈమెకు గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. ఎం.ఐ.టి. నుండి ఈమెకు డాక్టరేటు లభించలేదు. 1911 ఏప్రిల్‌లో ఆ సంస్థ అర్ధశతాబ్ది ఉత్సవాలు జరుగవలసి ఉండగా, వాటికోసం ప్రసంగ పాఠం సిద్ధం చేస్తున్న రోజుల్లోనే గుండెజబ్బుతో అస్వస్థురాలై, మార్చి 30న జమైకా ప్లెయిన్‌లోని స్వగృహంలో మరణించింది. మెయిన్ రాష్ట్రంలోని గార్డినర్‌లో ఈమెను సమాధి చేశారు. భర్త రాబర్ట్ 1945 వరకు జీవించాడు. వీరికి సంతానం లేదు.

అనంతర కాలంలో

1973లో ఎం.ఐ.టి. ఈమె పేరుతో ఒక ఆచార్య పీఠాన్ని నెలకొల్పింది. జమైకా ప్లెయిన్‌లోని ఇంటిని 1992లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. 1993లో జాతీయ మహిళా కీర్తి మందిరంలో ఈమెకు స్థానం లభించింది.

ఇరవయ్యవ శతాబ్దపు మధ్యకాలం నుండి అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో శీతకాలంలో రోడ్లపై మంచు కరిగించేందుకు పెద్ద ఎత్తున ఉప్పు చల్లడం మొదలయింది. ఆ ఉప్పు వాగులలోకి, చెరువులలోకి, బావులలోకి చేరి క్లోరైడు పరిమాణాన్ని బాగా పెంచింది. ఈ పెరుగుదల ఎంతో తెలియాలంటే అంతకు ముందు సహజంగా ఎంత ఉండేదో తెలియాలి. రిచర్డ్స్ ప్రయోగశాలలో 1887 నుండి నమోదయిన అంకెలు అందుకు తొలి ఆధారాలలో ఒకటి. నీటి నాణ్యతను అంచనా వేయడానికి ముందు ఆ చోటి సహజ స్థితిని నిర్ధారించుకోవడం తరువాతి కాలంలో జల పరిశీలనలన్నిటిలోనూ తొలి మెట్టు అయింది.